డెక్కు పోయిందనే ముందు

సిరుగుప్పలో వరి కోతలు మొదలయ్యాయంటే ఫోన్లకు తెరిపి ఉండదు. మిల్లు వాళ్లు గింజలో తేమ ఎంతుందని అడుగుతారు. కమీషన్ ఏజెంటు ధర చెబుతాడు. కోత మిషను డ్రైవరు ఏ మడికి రావాలంటాడు, లారీ డ్రైవరు కాటా దగ్గర ఎన్ని బండ్లున్నాయంటాడు. ఈ మాటల్లో చాలా భాగం నడుస్తున్న బండ్లలోనే సాగుతుంది. తుంగభద్ర కాలువల నీళ్లు పారాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న తెలుగు రైతులకు గానీ, ఇక్కడి కన్నడ రైతులకు గానీ, ఆదోని వైపు లావాదేవీలున్న ధాన్యం వ్యాపారులకు గానీ కారంటే సగం ఆఫీసు. ఆ ఆఫీసులో ఫోను చేతికి తీసుకోనక్కర్లేదు. స్టీరింగ్ మీది బటన్ నొక్కితే చాలు. రూఫ్ లైటు పక్కనున్న చిన్న మైకు మాట వింటుంది, తలుపుల్లోని స్పీకర్లు అవతలి గొంతు వినిపిస్తాయి. కారుకు పదేళ్లు దాటాక ఏదో ఒక రోజు ఈ బ్లూటూత్ ఏర్పాటు ఆగిపోతుంది.

ఆగిన మర్నాటి నుంచి ఏమవుతుందో యాభై కిలోమీటర్లు దాటిన బళ్లారి దారిలో ఎవరికైనా కనిపిస్తుంది. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, రెండో చెయ్యి చెవి దగ్గర. ముందు వడ్ల బస్తాల ట్రాక్టరు, ఎదురుగా లారీ.

బళ్లారికో ఆదోనికో పోయినప్పుడు కారు డెకార్స్ షాపు ముందు బండి ఆపితే జవాబు రెండు నిమిషాల్లో వస్తుంది. "డెక్కు పోయిందన్నా. ఈ మోడల్‌వి ఇప్పుడు దొరకవు. ఆండ్రాయిడ్ వేసేద్దాం, పెద్ద స్క్రీన్ వస్తుంది." అలా చెప్పేవాడు మోసగాడేమీ కాదు. అతని దగ్గర ఆ కారు వైరింగ్ పటం లేదు, కంపెనీ ఇచ్చే మాన్యువల్ లేదు. తనకు తెలిసిన ఒకే వైద్యం చెబుతున్నాడు. కానీ పరీక్ష చేయకుండా ఇచ్చిన తీర్పు తీర్పు కాదు. డెక్కు, అంటే కారులోని మ్యూజిక్ సెట్టు, నిజంగా చెడిపోయి ఉండొచ్చు. అయితే దాన్ని అనుమానించాల్సింది అన్నిటికన్నా చివర. దానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ వాటికి పైసా ఖర్చు లేదు.

మొదట ఒక అపోహ తీరాలి. కారు పాతది, ఫోను కొత్తది, కాబట్టి రెండిటికీ బ్లూటూత్ కలవదన్నది చాలామంది నమ్మకం. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎరిక్సన్ ఇంజనీర్లు 1994లో మొదలుపెట్టి, 1998లో ఇంటెల్, ఐబీఎం, నోకియా, తోషిబాలతో కలిసి ప్రపంచానికంతటికీ ఒకే ప్రమాణంగా మలిచిన ఈ రేడియో పద్ధతిలో వెనకటి పరికరాలతో మాట్లాడే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. కారులో కాల్స్‌కు వాడేది పాత తరహా బ్లూటూత్. నేటి ఫోన్లలోనూ అది ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ నడిచే లింకు కాబట్టి చుట్టుపక్కల ఇతర సిగ్నళ్లున్నా అది అంత సులువుగా తెగదు. తేడా వచ్చేది జత కలిపే పద్ధతిలో. 2007లో వచ్చిన 2.1 వెర్షన్‌కు ముందు సెట్లు 0000, 1234 వంటి నాలుగంకెల కోడ్ అడుగుతాయి. ఆ తర్వాతివి రెండు తెరల మీదా ఒకే అంకె చూపించి సరేనా అంటాయి. కోడ్ తెలియక ఆగిపోయిన కారును చెడిపోయిన కారు అనకూడదు.

అసలు కీలకం ఇంకొకటుంది. పాటలు వినిపించే దారి వేరు, కాల్స్ నడిచే దారి వేరు. బ్లూటూత్‌లో ఒక్కో పనికి ఒక్కో ఒప్పందం ఉంటుంది, దాన్ని ప్రొఫైల్ అంటారు. పాట ఫోను నుంచి కారుకు ఒకే దిక్కున, మంచి నాణ్యతతో పోతుంది. కాల్ రెండు దిక్కులా నడవాలి, ఆలస్యం ఉండకూడదు. అందుకే పాత కార్లలో గొంతును సెకనుకు 8000 నమూనాలకు కుదించి, టెలిఫోను నాణ్యతతోనే పంపిస్తారు. ఫోన్‌బుక్ పేర్లను కారు తెర మీదికి తెచ్చేది మరో ఒప్పందం. కాబట్టి "బ్లూటూత్ పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదుతో ఏమీ తేలదు. పాట వస్తోందా? రింగు వినిపిస్తోందా? అవతలివాళ్ల మాట వినిపిస్తోందా? ఇవతలి మాట అవతలికి చేరుతోందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే చెడిన చోటు సగం దొరికినట్టే. పాట వస్తూ కాల్ మాత్రం రాకపోతే ఫోను సెట్టింగుల్లో ఆ కారు పేరు కింద 'ఫోన్ కాల్స్' అన్న మీట ఆఫ్‌లో ఉందేమో చూడాలి. ఫోను అప్‌డేట్ అయ్యాక ఆ అనుమతి పోవడం కొత్తేమీ కాదు.

పరీక్ష ఫోనుతోనే మొదలవ్వాలి. కారును ఫోన్లోంచి తీసేయాలి, ఫోనును కారులోంచి తీసేయాలి. రెండు చోట్లా తీసేస్తేనే పని. చాలామంది ఒక వైపే తీసి, మళ్లీ కలవలేదని నిరాశపడతారు. పాత సెట్లు కొద్ది ఫోన్లను మాత్రమే గుర్తుపెట్టుకోగలవు. ఇంట్లో అందరివీ, డ్రైవర్లవీ, వచ్చిన చుట్టాలవీ కలిపి జాబితా నిండిపోతే కొత్త ఫోనుకు చోటుండదు. తర్వాత వేరే ఫోను తెచ్చి కలపాలి. అది పనిచేస్తే కారు నిర్దోషి. మొదటి ఫోనును వేరే కారుతో కలిపి చూడాలి. అక్కడ పనిచేస్తే ఫోను నిర్దోషి. రెండు ఫోన్లు, రెండు కార్లు, పావుగంట. షాపులో వేలు ఖర్చుపెట్టే ముందు ఈ పావుగంట పెట్టినవాళ్లు ఎందరో అనుమానమే. పరీక్షకు మామూలు కాల్ వాడాలి, వాట్సాప్ కాల్ కాదు. పాత సెట్లు యాప్ కాల్స్‌ను మామూలు కాల్‌లాగే గుర్తిస్తాయన్న హామీ లేదు. సరిహద్దు ఊళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. ఆదోని దారిలో రాష్ట్రం మారితే టెలికాం సర్కిల్ మారుతుంది. టవర్ మారే చోట కాల్ తెగితే ఆ తప్పు కారుది కాదు. అందుకే సిగ్నల్ బాగున్న చోట, ఇంటి ముందు, ఆగిన బండిలో పరీక్షించాలి.

ఫోన్లు రెండూ నిర్దోషులని తేలాక అనుమానం మైకు మీదికి పోవాలి. ముఖ్యంగా సిరుగుప్పలో.

రైస్ మిల్లుల చుట్టూ గాలిలో తేలే ఊక దుమ్ము, ఊక బూడిద ఏ సందులోకైనా దూరుతాయి. మైకు రంధ్రం ఆవగింజంత కూడా ఉండదు. అద్దాలు దించుకుని మిల్లు ఆవరణలో గంటల తరబడి నిలబడే కారులో ఏళ్ల తరబడి ఆ రంధ్రం మీద పొర పేరుకుంటుంది. అవతలివాళ్ల మాట కారులో స్పష్టంగా వినిపిస్తూ, "బావిలోంచి మాట్లాడినట్టుంది" అని వాళ్లంటుంటే మొదట చూడాల్సింది ఇదే. మెత్తని పొడి బ్రష్షు చాలు. సూది పెట్టి పొడిస్తే లోపలి పల్చటి పొర చిరిగిపోతుంది. గాలి కంప్రెసర్ కూడా పెట్టకూడదు.

శుభ్రం చేసినా మారకపోతే వైరు చూడాలి. మైకు వైరు పైకప్పు గుడ్డ కింది నుంచి ముందు అద్దం పక్క స్తంభం గుండా డెక్కు వెనక్కి దిగుతుంది. రూఫ్ లైటు మార్చినప్పుడో, సీలింగ్ గుడ్డ కుట్టించినప్పుడో, ముందు అద్దం పగిలి కొత్తది వేయించినప్పుడో ఆ కప్లర్ ఊడి ఉండొచ్చు. ఈ పనుల్లో ఏదైనా ఈమధ్య జరిగిందా అని అడగడం మంచి ఎలక్ట్రీషియన్ మొదటి లక్షణం. ఇలాంటి మైకులకు డెక్కు నుంచే కొద్ది వోల్టుల కరెంటు అందుతుంది. మైకు చివర మల్టీమీటర్ పెడితే ఆ వోల్టులు కనిపించాలి. ఉంటే మైకు మారిస్తే సరిపోతుంది. లేకపోతే లోపం వైరులోనో డెక్కులోనో ఉంది. కాల్ నడుస్తున్నప్పుడు అవతలివాళ్లకు తమ గొంతే తిరిగి వినిపిస్తుంటే మైకు చెడిందని కాదు. స్పీకర్ శబ్దం మైకులోకి మళ్లీ దూరుతోంది. వాల్యూం తగ్గించి చూడాలి.

స్టీరింగ్ బటన్ల కథ వేరు. తెర మీద నొక్కితే కాల్ ఎత్తుతోంది, స్టీరింగ్ బటన్‌తో ఎత్తడం లేదంటే బ్లూటూత్ బాగానే ఉంది. స్టీరింగ్ చక్రం వెనక చుట్టగా ఉండే రిబ్బను కేబుల్‌ను మెకానిక్కులు క్లాక్ స్ప్రింగ్ అంటారు. చక్రం ఎటు తిరిగినా తెగకుండా కరెంటు అందించేది అదే. బటన్లతో పాటు హారన్ కూడా ఒక్కోసారి మోగకపోయినా, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా ఆ రిబ్బనే కారణమని గట్టిగా అనుమానించాలి. ఇది ఇంట్లో విప్పే పని కాదు. చక్రం మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ వైరు తీసి, కొంతసేపు ఆగి, తెలిసినవాళ్లే ముట్టుకోవాలి. పైగా ఆ దీపం వెలిగిందంటే ప్రమాదంలో బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. కాల్ బటన్ పనిచేయకపోవడం అప్పుడు చిన్న సంగతి.

ఫ్యూజుల సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. డెక్కుకు సాధారణంగా రెండు దారుల్లో కరెంటు వస్తుంది. ఒకటి ఎప్పుడూ ఉండేది, రెండోది తాళం తిప్పితే వచ్చేది. మొదటిది పోతే కొన్ని సెట్లు రోజూ అన్నీ మర్చిపోతాయి, జత చేసిన ఫోన్లతో సహా. సెట్టు బిగుసుకుపోయినప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు పదిహేను నిమిషాలు తీసి పెట్టడం పనిచేసే చిట్కాయే. అయితే కొన్ని సెట్లు మళ్లీ ఆన్ కావడానికి రేడియో కోడ్ అడుగుతాయి. కారుతో వచ్చిన పుస్తకంలోనో కార్డు మీదో ఆ కోడ్ ఉందో లేదో చూసుకోకుండా వైరు తీయకూడదు. చేతులు మారిన కార్లలో ఆ కార్డు ఉండడమే అరుదు.

ఇవన్నీ దాటాక గానీ డెక్కునో, విడిగా ఉండే బ్లూటూత్ పెట్టెనో అనుమానించకూడదు. ఆ పెట్టె నిజంగా చెడితే ఎంత చికాకో అమెరికాలో పాత కార్లు కొనుక్కున్న మన పిల్లలను అడిగితే తెలుస్తుంది. 2004 మోడల్‌తో అక్యూరా టీఎల్ కారు హ్యాండ్స్‌ఫ్రీ లింక్ అనే ఏర్పాటుతో వచ్చింది. కారులో పుట్టుకతోనే బ్లూటూత్ ఉన్న తొలి మోడళ్లలో అదొకటి. ఏళ్లు గడిచాక ఆ పెట్టె కారు ఆపినా నిద్రపోకుండా బ్యాటరీని తాగేస్తోందన్న ఫిర్యాదులు పెరిగాయి. 2016లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో కొందరు యజమానులు దావా కూడా వేశారు. ఇక్కడి పాఠకుడికి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. కాల్స్ ఆగిపోవడంతో పాటు పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోవడం మొదలైతే ఆ రెండూ ఒకే జబ్బు కావచ్చు. కొత్త బ్యాటరీ కొనే ముందు, తాళం తీసి, తలుపులు మూసి, కారు పూర్తిగా నిద్రలోకి జారాక బ్యాటరీ వైరులో మల్టీమీటర్‌ను వరసలో కలిపి చూడాలి. చాలా కార్లలో 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అంతకు మించి లాగుతుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోవాలి. ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిపోయిందో ఆ దారిలోనే దొంగ ఉంది.

బళ్లారి జిల్లాకు సొంతమైన ఉదాహరణ ఒకటుంది. ఇనుప గనులు జోరుగా సాగిన రోజుల్లో ఈ జిల్లాకు ఖరీదైన జర్మన్ కార్లు వచ్చాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు గనుల తవ్వకం ఆపించాక ఆ జోరు తగ్గింది. అలాంటి కార్లు చేతులు మారుతూ ఇప్పుడు పదిహేనేళ్లు దాటాయి. ఆ తరం బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి కార్లలో చాలా వాటిలో రేడియో, ఆంప్లిఫయర్, ఫోను పెట్టెలను కలిపేది రాగి తీగ కాదు, ఎర్రటి కాంతి పారే ప్లాస్టిక్ తీగ. అవన్నీ ఒక వలయంలో ఉంటాయి. ఒక పెట్టె చచ్చిపోతే కాంతి అక్కడ ఆగి, మొత్తం ధ్వని వ్యవస్థ మూగబోతుంది. చూసేవాళ్లకు అంతా పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి పోయింది ఒక్కటే. చిన్న లూపు తీగతో ఒక్కో పెట్టెను తప్పిస్తూ పోతే మిగతావి మళ్లీ పలికే చోట దోషి దొరుకుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక లక్షల బిల్లులకు తలూపినవాళ్లు ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

ఇక్కడే అసలు వాదన. పరీక్ష ఎందుకు జరగడం లేదంటే, పరీక్షకు కావాల్సిన సమాచారం సిరుగుప్ప గ్యారేజీ దాకా రావడం లేదు. ఇది కొత్త గొడవ కూడా కాదు. శంషేర్ కటారియా అనే వినియోగదారుడు 2011లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. కార్ల కంపెనీలు విడి భాగాలు, మరమ్మతు మాన్యువళ్లు, లోపాలు పట్టే పరికరాలు తమ డీలర్లకే ఇచ్చి, బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నాయన్నది ఆయన ఆరోపణ. విచారణ పెరిగి పెద్దదైంది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడి భాగాలు, పరికరాలు బయటి గ్యారేజీలకూ అందుబాటులో ఉంచమంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. తర్వాత 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. అడుగులు మంచివే. కానీ పదేళ్లు దాటిన చిన్న కారు వైరింగ్ పటం కోసం తాలూకా ఎలక్ట్రీషియన్ ఇవాళ్టికీ ఎవరో తీసిన వీడియో మీద ఆధారపడుతున్నాడు.

ఫోర్డ్ ఫిగోను తీసుకోండి. 2010 మార్చిలో వచ్చిన ఈ చిన్న కారు పై మోడళ్లలో బ్లూటూత్ ఇచ్చి మధ్యతరగతిని ఆకట్టుకుంది. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, విడి భాగాలు కొనసాగిస్తామని చెప్పింది. ఆ హామీ ఉన్నా, అమ్మకాలు ఆగిపోయిన మోడల్ మీద ఎవరికైనా శ్రద్ధ తగ్గుతుంది. షెవర్లే కార్లను జనరల్ మోటార్స్ 2017తోనే ఇక్కడ అమ్మడం మానేసింది. ఇలాంటి కార్లకు వైరింగ్ పటాలు, రేడియో కోడ్ తిరిగి పొందే దారి, సెట్టు సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఉచితంగా బయటపెట్టాలని ప్రభుత్వం అడగాలి. కంపెనీకి దానివల్ల పోయేదేమీ లేదు. ఆ కారుకు కొత్త కొనుగోలుదారు ఎలాగూ రాడు.

మరమ్మతుకు వీలుకాని సందర్భాలూ ఉన్నాయి, వాటినీ ఒప్పుకోవాలి. అమెరికాలో 2022 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ సంస్థ 3జీ నెట్‌వర్క్ ఆపేసినప్పుడు, కారులోనే సిమ్ ఉన్న అనేక మోడళ్లలో అత్యవసర కాల్ సదుపాయం ఒక్కరోజులో మూగబోయింది. అక్కడ ఏ వైరు సరిచేసినా లాభం లేదు. అవతలి టవరే లేదు. ఇక్కడి పాత కారు పరిస్థితి దానికి పూర్తిగా వేరు. కాల్ నడిచేది డ్రైవరు జేబులోని ఫోను మీద. కారు పని మైకు, స్పీకరు, బటన్ వరకే. అందుకే దీన్ని బాగుచేయడం సాధ్యమని గట్టిగా చెప్పొచ్చు.

డెక్కు నిజంగానే పోయిందని తేలితే కొత్త సెట్టు వేయించుకోవడంలో తప్పు లేదు. అయితే కంపెనీ వైరింగ్ కోయనివ్వకూడదు. ఆ కారుకు సరిపోయే కప్లర్లతో వచ్చే సెట్టే అడగాలి. వైర్లు కోసి టేపు చుట్టిన చోట రేపు లూజ్ కాంటాక్ట్, ఎల్లుండి బ్యాటరీ దిగిపోవడం, వేసవి వేడిలో ఇంకా పెద్ద ముప్పు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. హ్యాండ్స్‌ఫ్రీ బాగుపడినంత మాత్రాన దారి పొడవునా మాట్లాడొచ్చని కాదు. టొరంటోలో 699 మంది డ్రైవర్ల కాల్ రికార్డులు చూసిన రెడెల్‌మైయర్, టిబ్షిరాని 1997లోనే తేల్చారు. ఫోన్ మాట్లాడుతున్న వేళ ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు పెరిగింది, హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకూ తేడా కనిపించలేదు. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2006లో సిమ్యులేటర్ మీద చూసిందీ అదే దిశలో ఉంది. మనసు ధర మీదుంటే కళ్లు ట్రాక్టరును చూసినా చూడవు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, 2019 సెప్టెంబరు నుంచి, బండి నడుపుతూ చేత్తో ఫోను వాడితే మొదటిసారి వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చంటోంది. చట్టం ప్రధానంగా చేతిలోని ఫోనును పట్టుకుంది. పరిశోధన పట్టుకున్నది మాటను. హ్యాండ్స్‌ఫ్రీతో చేయదగ్గది "బండిలో ఉన్నా, ఆపి చేస్తా" అని చెప్పి పెట్టేయడం వరకే. చిన్న పనే, కానీ కాల్ ఎత్తకుండా ఉండలేని కోతల రోజుల్లో ఆ ఒక్క వాక్యం కోసమైనా బటన్, మైకు పనిచేయాలి.

సిరుగుప్ప గ్యారేజీల వాళ్లకు, బళ్లారి, ఆదోని షాపుల వాళ్లకు విన్నపం ఒకటే. డెక్కు విప్పే ముందు రెండో ఫోను కలిపి చూడండి, మైకు దుమ్ము దులపండి, మీటరు పెట్టండి. ఆ పనికి కూలి అడగండి, ఇవ్వడం న్యాయం. కారు యజమానులు కూడా సెట్టు ధర కాదు, ఏమేం పరీక్షించారో ముందు అడగాలి. హ్యాండ్స్‌ఫ్రీ బాగయ్యేదాకా ఫోనును డ్యాష్‌బోర్డు అరలో పెట్టి, మోగితే కాలువ గట్టు పక్కన బండి ఆపి మాట్లాడండి.